పొగ రాని తారు

"ఒళ్ళంతా తారు కంపు. ఆ చేతుల్తో వంటేం చేస్తావే?" అంటూనే అత్తగారు మూడోసారి కాఫీ అడిగింది. కోడలు గ్లాసు అందించి, భర్త టిఫిన్ డబ్బా సర్దింది.

"ఎలాగూ ఈ కొండల్లో చలికి రోడ్డు పనులు ఆపేస్తారుగా. ఆ మూడు నెలలూ నువ్వుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది," అన్నాడు భర్త, సాక్సులు చేతికొచ్చేదాకా కుర్చీలోంచి కదలకుండా.

ఆ మూడు నెలలంటేనే ఆమెకు భయం. పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. తను పనిచేసే రోడ్డు కంపెనీ ల్యాబులో రెండేళ్ళు కుస్తీ పట్టి, తక్కువ వేడికే మెత్తగా పరుచుకునే తారు మిశ్రమం తయారుచేసింది. నూట పాతిక డిగ్రీలు చాలు, పొగ రాదు, చలిగాలిలోనూ రోలరుకు లొంగుతుంది. ఇవాళ తొలి పరీక్ష. నెగ్గితే చలికాలమంతా పని ఉంటుంది.

ఆమె సైటుకు చేరేసరికే మొదటి లారీని వెనక్కి పంపేశారు.

"పొగే లేదు మేడమ్! మా ఆవిడ అలిగినా ఇంతకంటే పొగలొస్తాయి," అని నవ్వాడు రోలరు డ్రైవరు.

"చల్లారిపోయింది. ప్లాంటుకు ఫోన్ చేసి బాగా కాచమన్నా," అన్నాడు సూపర్‌వైజరు.

"థర్మామీటరు పెట్టి చూశారా సార్?"

"ఇరవై ఏళ్ళుగా పొగ చూసే చెబుతున్నానమ్మా."

రెండో లారీ పొగలు కక్కుతూ వచ్చింది. ఆమె థర్మామీటరు గుచ్చింది. నూట ఎనభై. తారు మాడిపోయింది. వద్దని మొత్తుకుంటున్నా పరిచేశారు.

"రిజిస్టర్లో నూట పాతిక అని రాసెయ్. లేదంటే రేపట్నుంచి ఇంట్లోనే," అన్నాడు సూపర్‌వైజరు.

ఏడాది తిరక్కుండా ఆ రోడ్డు ఎలాగూ పగులుతుంది. నూట పాతిక అని రాస్తే, ఆడమనిషి కలిపిన తారు అంతేనంటారు. ఇంట్లోనూ అంతేగా, కూర మాడితే మంట పెంచిందెవరని ఎవరూ అడగరు. రాయకపోతే ఉద్యోగం పోతుంది. ఇంట్లో వాళ్ళకు పండగే. ఏది చేసినా ఓడేది తనే.

నూట ఎనభై అని రాసింది. కాచమన్నదెవరో పక్కనే రాసి, సంతకం పెట్టింది.

భర్త ఫోన్ చేశాడు. "పని ఆగిపోయిందా? అమ్మ అడుగుతోంది."

"నా ఉద్యోగం పోయేలా ఉందండీ. పోతే ఇంకోటి వెతుక్కుంటా. ఇంట్లో మాత్రం కూర్చోను. అత్తయ్యగారికి చెప్పండి."

పెళ్ళయ్యాక, అతన్ని అడగకుండా ఆమె తేల్చి చెప్పిన మొదటి మాట అది.