ఐదో ఖానా

నేను చేసిన పనికి ఒక ఆడపిల్ల ప్రాణం పోయిందేమోనని నా భయం. మా పాపకు జ్వరంతో ఒళ్ళు కాలిపోయిన రోజు కూడా ఇంతగా భయపడలేదు. ఆ భయం పక్కనే సిగ్గు కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన ఈరయ్య టెలిఫోను మెకానిక్కు. ఎనభై తొమ్మిదిలో, జహీరాబాద్‌కు ఆరు మైళ్ళ అవతల సిరిగేపల్లిలో కొత్త ఎక్స్‌చేంజి పెట్టారు. ఎక్స్‌చేంజి అంటే ఒక గది, గదిలో ఒక ఇనుప బీరువా. అందులో పుస్తకాలు నిలబెట్టినట్టు ఖానాల్లో కార్డులు. ఒక్కో కార్డుకు ఎనిమిది ఫోన్లు. కార్డు చెడితే దాని మీద ఎర్రలైటు వెలుగుతుంది. వెనక గదిలోనే మా కాపురం. పొద్దున పాపకు పాలిచ్చి, ఎక్స్‌చేంజి గది ఊడ్చి, దుమ్ము లేవకుండా తడిగుడ్డ పెట్టేదాన్ని. అది నా పని అని ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు.

ఆయన పొద్దంతా స్తంభాల వెంట తిరిగేవాడు. జహీరాబాద్ నుంచి ఇంజనీరు మదన్‌మోహన్ సారు ఫోను చేస్తే ఎత్తేది నేనే.

"ఈరయ్య లేడా అమ్మా? సరె, నువ్వే జర బీరువ తెరువు. ఎర్రలైటు ఎన్నో ఖానల ఉంది?"

నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించారు. నేర్చుకున్న అంకెలు మాత్రం ఎక్కడికీ పోలేదు. సారు అక్కడ కూర్చుని చెబుతుంటే ఇక్కడ నా చేతులు చేసేవి. ఒంట్లో కరెంటు కార్డును కాల్చకుండా వెండి కడియం తీసేసి, బీరువా ఇనుమును ఒకసారి ముట్టుకుని, కార్డును రెండు చెవులూ పట్టి లాగాలి. సాయంత్రం ఆయన ఫోనెత్తి, "నేనే మార్చిన సార్, అయిపోయింది" అనేవాడు. నావైపు తిరిగి, "ఏడో క్లాసు దానివి, ఎక్స్‌చేంజి నువ్వే నడుపుతున్నవా ఏంది?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ముప్పై ఏడో నంబరు అల్లం వ్యాపారి మహాదేవప్పది. ఆయన కోడలు నీలమ్మ, పిండి గిర్ని దగ్గర నాకు పరిచయమైంది. అత్త బస్వమ్మ గోదాముకు పోగానే, పదకొండింటికి నాకు ఫోను చేసేది.

"లైను మంచిగుందా లేదా అని చూస్తున్న అక్కా."

"మంచిగనే ఉంది. తిన్నవా?"

"తిన్న. రొట్టెకంటే ముందు మా ఆయన చేతివి నాలుగు తిన్న." తనే పకపకా నవ్వేది.

ఒక సోమవారం మాత్రం నవ్వలేదు. "అక్కా, నేనొస్తే మీ ఇంట్ల రెండు దినాలు ఉంచుకుంటవా? ఆనక మా నాయిన దగ్గరికి పోత."

ఉన్నది ఒక్క గది. ఆయన ఏమంటాడో. "రేపు చెప్త" అన్నాను.

మరునాడు పదింటికి మూడో ఖానాలో ఎర్రలైటు. ఊరి పెద్ద పటేల్ రామ్‌కిషన్ ఫోను అందులోనే. సారు అన్నారు: "చెడ్డది కార్డా, ఖానానా తెలవాలె. ఏదన్న మంచి కార్డు తీసి దీంట్ల పెట్టు, దీన్ని దాంట్ల పెట్టు. లైటు కార్డు ఎంబడి పోతే కార్డు చెడ్డట్టు. ఉన్నకాడనే ఉంటే ఖానా చెడ్డట్టు."

మార్చాను. లైటు కార్డు వెంట ఐదో ఖానాకు పోయింది. "కార్డే పోయింది. ఎక్కడిది అక్కడ పెట్టెయ్యమ్మా, కొత్తది పంపిస్త" అన్నారు సారు.

పెట్టేలోపు మా ఆయన వచ్చాడు. "ఉండనీ. పటేల్ ఫోను మోగుతుంది గద. ఐదో ఖానల ఎవలున్నరు? అల్లపోళ్ళు, ఇంకెవలో. నాల్గు దినాలు ఫోన్ లేకుంటే సచ్చిపోతరా?"

ఆయన మాట విన్నానంతే అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అన్ని ఖానాలుండగా ఐదోదే ఎందుకు లాగాను? ఏదన్న అన్నారు సారు. ఎంచింది నేను. ముప్పై ఏడు అందులో ఉందని నాకు తెలుసు. ఇంకో గంటలో నీలమ్మ అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు. ఆ ఫోను మోగకపోతే బాగుండుననుకున్నాను. మోగకుండా చేశాను. ఆ పదకొండింటికి పాప పక్కన పడుకుని హాయిగా నిద్రపోయాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

కొత్త కార్డు తొమ్మిది రోజులైనా రాలేదు. పాపకు ఊపిరి ఆడుతోందా అని గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. గిర్ని పక్క సందులో ఉన్న ఆ ఇంటికి మాత్రం పోలేదు. జొన్నలు పట్టించడానికి రెండుసార్లు పోయి, రెండుసార్లూ సందు మొదట్లోనే తలదించుకుని వచ్చేశాను.

పదో రోజు, ఆయన అటు పోగానే కడియం తీసి, ఇనుము ముట్టుకుని, కార్డులు ఎక్కడివక్కడ పెట్టాను. పదకొండైంది. మోగలేదు. నేనే ముప్పై ఏడు తిప్పాను.

"ఎవలు?" బస్వమ్మ గొంతు.

"ఎక్స్‌చేంజి నుంచమ్మా, లైను చూస్తున్న. నీలమ్మ ఉందా?"

"లైను చూసేటోళ్ళకు నీలమ్మతోని ఏం పని? తల్లిగారింటికి పోయింది." పెట్టేసింది.

సాయంత్రం పటేల్ మనిషి వచ్చి, ఫోను మళ్ళీ పోయిందని లొల్లి చేశాడు. మా ఆయన జహీరాబాద్‌కు ఫోను చేసి, "మా ఆడిది ఏలు పెట్టింది సార్, దానికేం తెల్సు" అన్నాడు. సారు ఏమన్నారో నాకు వినపడలేదు. ఈయన మాత్రం నవ్వాడు. ఎప్పుడూ ఆయనతో నవ్వే నేను ఆ రోజు నవ్వలేదు. గిర్నీలో విన్న మాట ఒకటి లోపల తిరుగుతోంది. మహాదేవప్ప ఇంటి మొదటి కోడలు కూడా మూడేళ్ళ కింద తల్లిగారింటికే పోయిందట. తర్వాత ఆమెను చూసినవాళ్ళు లేరట. ఆ ఇంట్లో కార్డు మారింది. ఎర్రలైటు ఉన్నచోటే ఉంది.

ఉగాది తర్వాత మాకు జహీరాబాద్ బదిలీ అయింది. నీలమ్మ తండ్రికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. పోయి చూసొస్తానంటే, "ఎవల బిడ్డ కోసం ఎవలు తిరుగుతరు? పిల్లను సూస్కో" అన్నాడాయన.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరైనా హుమ్నాబాద్ పోతే, బస్టాండు ఎదురుగా చంద్రప్ప బట్టలు కుట్టే దుకాణం ఉంటుంది. ఆయనే నీలమ్మ తండ్రి. నీలమ్మ ఉంటే, ఆ ఫోను చెడిపోలేదని, చెడగొట్టింది నేనేనని చెప్పండి. ఆమెకు ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంటుంది. ఇంట్లోనే ఉందని వాళ్ళు చెబితే సరేనని వచ్చేయకండి. ఒక్కసారి ఆమెను బయటికి పిలిపించి, మీ కళ్ళతో చూసి రండి.