నావ మీద కాల్చిన గీత

మధ్యాహ్నానికి మూడో శవం దొరికింది. తాలిపేరు మలుపులో వెదురు పొద వేళ్లకు చిక్కుకుని ఉంది. బడిపంతులు రామనర్సయ్య నడుంలోతు నీళ్లలోకి దిగి కాళ్లు పట్టుకున్నాడు. నావ నడిపే మంగు చంకల కింద చేతులు వేసి లేపాడు. చనిపోయింది లక్మా. నిన్న పొద్దున బేగారి వెట్టికి పిలుపు వస్తే గంజి తాగి, భుజాన గొంగడి వేసుకుని ఇంట్లోంచి బయల్దేరిన మనిషి.

దసరా వెళ్లి పన్నెండు రోజులైంది. నది ఇంకా దిగలేదు. జగదల్‌పూర్ నుంచి సంస్థానం అధికారి తనిఖీకి వస్తున్నాడని, ఆయన డేరాలు, బియ్యం, గుర్రాల దాణా అవతలి ఒడ్డుకు చేర్చాలని హుకుం వచ్చింది. మోసేవాళ్లకు కూలి లేదు. రేవు పాడుకున్న ఠేకేదారుకు మాత్రం సామానంతటికీ కలిపి ఇంత అని సంస్థానం ఇస్తుంది. రెండో దఫా వేస్తే మంగుకు ఇంకో రెండణాలు ఇవ్వాలి. అందుకని ఠేకేదారు దగ్గర లెక్కలు రాసే మున్షీ భూషణం ఇరవై రెండు మందినీ, పద్నాలుగు బస్తాలనూ ఒకే దఫాలో ఎక్కించాడు. నది నడుమ చిన్న గాలి తగిలి నావ మునిగింది. అంతే.

భూషణం ఒడ్డున గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"నావకేం రోగం లేదు. మద్దికర్ర నావ. ఈ లక్మాగాడే భయపడి ఇటు మెసిలిండు, అటు మెసిలిండు. గంగమ్మకు ఈయేడు కోడిని గూడ కొయ్యలేదాయె మీరు!"

మంగు తల వంచుకున్నాడు. అతనికీ ఆ నావ మీద అనుమానం లేదు. తాత చేసిన నావ, ఎంతైనా మోస్తుందనే అనుకున్నాడు. లక్మా భార్య నందే ఇసుకలో కూర్చుని మొగుడి నోట్లో ఉన్న మట్టిని వేలితో తీస్తోంది.

* * *

ఆరో రోజున బడికి పదిమంది పిల్లలు వచ్చారు. వాళ్లలో లక్మా కూతురు సోమి కూడా ఉంది. పదకొండేళ్లుంటాయి. బడి పట్టీలో పేరున్న ఇద్దరాడపిల్లల్లో ఒకతె.

రామనర్సయ్యది చర్ల దగ్గరి ఊరు. నెలకు పదకొండు రూపాయల జీతం మీద నాలుగేళ్ల కిందట ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో దోర్లీ మాట్లాడే పిల్లలకు హిందీ పుస్తకాన్ని తెలుగులో చెప్పాలి. ఆ రోజు పాఠం ఎప్పటిదే. పిల్లలు ఊగుతూ అందుకున్నారు.

"లకడీ తైర్తీ హై. లోహా డూబ్తా హై."

కర్ర తేలుతుంది, ఇనుము మునుగుతుంది. ఈ రెండు ముక్కలు సరిగా అప్పజెప్పలేదని పోయిన ఏడాది ఇదే సోమిని రామనర్సయ్య బెత్తంతో కొట్టాడు.

సోమి ఊగడం లేదు. లేచి నిలబడింది.

"గురూజీ, నావ కర్రదే గదా?"

"అవును."

"మరి మునిగింది గదా. పుస్తకం అబద్ధం చెప్తాంది."

నాలుగేళ్లుగా పంతులు ఆ వాక్యాన్ని చెబుతున్నాడు, నావ మునగడాన్ని అంతకుముందు కూడా చూశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టాలని ఒక్కసారీ తోచలేదు. బెత్తం తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"ఎందుకు మునిగింది? ఒక్కొక్కరే చెప్పున్రి. తప్పు, ఒప్పు అనేది లేదు. మీకు ఏం తోస్తే అది."

ఒకడు, నడుమ లోతెక్కువ కాబట్టి నీళ్లు గుంజుకున్నాయన్నాడు. ఇంకొకడు, బరువున్నది ఏదైనా మునుగుతుందన్నాడు. పాత కర్ర నీళ్లు తాగి బరువెక్కిందన్నాడు మరొకడు. ఉంగ అనే పిల్లవాడు గంగమ్మ లాగిందన్నాడు. అన్నింటినీ బొగ్గుతో గోడ మీద వరసగా రాశాడు పంతులు. రాస్తూండగా అతనికి భయమేసింది. పిల్లల బుర్రల్లో ఇన్ని సంగతులున్నాయని తనకు తెలియదు. తాను వాటి మీద హిందీ వాక్యాన్ని సున్నంలా పూశాడు, అంతే.

"ఏది నిజమో నీళ్లనే అడుగుదాం పదున్రి," అన్నాడు.

రేవుకు దిగారు. ఒక చెక్కముక్కను కుండలో వేశారు, తేలింది. తాడు కట్టి నది లోతులో వేశారు, అక్కడా అంతే తేలింది. ఇద్దరు ఎత్తలేని మొద్దు తేలుతోంది, గోటి కంటే చిన్న రాయి మునిగింది. ఏడాదిగా నీళ్లలో నానుతున్న రేవు మొద్దునూ తోసి చూశారు, అదీ తేలింది. పంతులు తన ఇంటినుంచి ఇనుప మూకుడు తెప్పించి నీళ్ల మీద పెట్టాడు. ఇనుము తేలింది!

"పుస్తకం సగమే చెప్పింది," అన్నాడు పంతులు. "నేను గూడ ఆ సగమే మీతోని వల్లె వేయించిన."

సోమి మూకుడు మీద అరచెయ్యి పెట్టి కిందికి అదిమింది.

"గురూజీ, నీళ్లు నా చేతిని పైకి తంతున్నయి!"

"ఇంకా అదుము."

"ఇంకా గట్టిగ తంతున్నయి."

తర్వాతి మూడు రోజులు పలక పట్టలేదు. అంచుదాకా నీళ్లున్న గాబులో మూకుడు పెట్టి, గులకరాళ్లు ఒక్కొక్కటే వేశారు. రాయి పడినప్పుడల్లా మూకుడు కొంచెం దిగుతుంది, గాబులోంచి కొంచెం నీరు పొర్లుతుంది. బరువు ఎంత ఎక్కితే అంత నీటిని పక్కకు తొయ్యాలి. తొయ్యడానికి అంచు మిగలకపోతే నీరే లోపలికి వస్తుంది. ఈ మాట పంతులు చెప్పలేదు. సోమి తన మాటల్లో, సగం దోర్లీలో, సగం తెలుగులో చెప్పింది. తర్వాత ఆమె నీళ్లను చేత్తో అలలు కొట్టింది. రెండు వేళ్ల అంచు మిగిలిన మూకుడు ఊగి నిలబడింది. అర వేలు అంచే మిగిలినప్పుడు బుడుంగున మునిగింది.

సోమి గాబులో చెయ్యి పెట్టి మునిగిన మూకుడును పైకి తీసింది.

"మా అయ్య మెసిలినందుకు గాదు," అంది.

ఉంగ మాత్రం ఒప్పుకోలేదు. "అయితే గంగమ్మ లేదా, గురూజీ?"

"ఉందో లేదో నాకు తెల్వదురా. పద్నాలుగు బస్తాలు ఎవరెక్కించిండ్రో మాత్రం తెలుసు."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా చేరింది. మరునాడు మంగు తానే బడికి వచ్చాడు. గాబు దగ్గర గొంతుక్కూర్చుని రాళ్లు వేసి చూశాడు, తీసి మళ్లీ వేశాడు. ఆ తర్వాత పెద్దవాళ్లను పిలిచి, నదిలోంచి పైకి తీసిన ఆ నావలోనే ఒక్కొక్కరినే ఎక్కించాడు. పన్నెండో మనిషి ఎక్కేసరికి అంచు నీటికి జానెడు పైన నిలిచింది. గాలి వేళకు అంతకంటే తగ్గకూడదని మంగు అన్నాడు. నీళ్లు తాకిన చోట గుర్తు పెట్టి, నావను ఒడ్డుకు లాగి, గడ్డపారను ఎర్రగా కాల్చి ఈ కొస నుంచి ఆ కొసకు గీత కాల్చాడు.

* * *

పదిహేను రోజులకు అడవి శాఖ దొర సామాను వచ్చింది. ఇంటికో మనిషి అన్నారు. లక్మా లేడు కాబట్టి నందేను రమ్మన్నారు. ఆమె నెత్తిన దాణా బస్తాతో రేవుకు దిగింది. వెనక సోమి, ఇంకా నలుగురు పిల్లలు, వాళ్ల వెంట పంతులు.

నావలో అప్పటికి ఎనిమిది బస్తాలు, ఆరుగురు మనుషులు ఉన్నారు. ముందు పీట మీద భూషణం కూర్చున్నాడు.

"ఏందిరా ఆగిన్రు? ఎక్కున్రి!"

"గీత తడిసింది, మున్షీ," అన్నాడు మంగు. "ఇగ ఒక్కలు గూడ ఎక్కేది లేదు. మూడు దఫాలు వేస్త."

"మూడు దఫాలకు పైసలు నీ తాత ఇస్తడా? గీత ఎవడు పెట్టమన్నడు? కర్ర నావరా ఇది. కర్ర యాడన్న మునుగుతదా?"

"మునుగుతది," అంది సోమి. "మా అయ్యను ముంచింది. కుండ తెస్త, నీకు గూడ సూపిస్త."

భూషణం ఆమె వైపు చూడలేదు, పంతులు వైపు తిరిగాడు. "ఓహో, నీ చదువా ఇది! పంతులూ, జగదల్‌పూర్‌కు రిపోర్టు రాస్త. పిల్లలకు పుస్తకం చెప్పకుంట బేగారికి అడ్డం పడమని నేర్పుతున్నవని రాస్త. వచ్చే నెల ఆ పదకొండు రూపాయలు ఎట్ల వస్తయో సూస్త."

రామనర్సయ్యకు సొంతూళ్లో తల్లి ఉంది, తమ్ముడి చదువు ఉంది. చేతుల్ని వెనక్కి కట్టుకున్నాడు.

"రాయున్రి మున్షీగారూ. గీత మునిగినంక గూడ ఎక్కమన్న అని అది గూడ రాయున్రి. నావ మునిగిన దినం ఎందరెక్కిండ్రో, ఎన్ని బస్తాలో నేను గూడ జగదల్‌పూర్‌కు రాసి పంపిన. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి సదువుకుంటరు."

"మంగూ! గడ వెయ్యి!"

మంగు గడను నీళ్లలోంచి లాగి ఒడ్డున పడేశాడు. నావలో ఉన్న ఆరుగురిలో ఒకడు దిగాడు. అతని వెనక మిగతావాళ్లూ దిగారు. నావ తేలికై, నల్లటి గీత నీళ్లలోంచి రెండు వేళ్లు పైకి వచ్చింది. భూషణం ఒక్కడే బస్తాల మధ్య నిలబడ్డాడు. తహసీలు జవాన్లను పిలిపిస్తానన్నాడు. ఒక్కొక్కరి పేరూ రాసుకున్నానన్నాడు.

అవతలి ఒడ్డున దొర మనుషులు తొందరపెడుతూ తుపాకీ పేల్చారు. వెదురు పొదల్లోంచి కొంగలు లేచాయి. ఈ ఒడ్డున ముప్పై మంది ఆ చప్పుడు విన్నారు. కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన బస్తా వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

నందే నెత్తి మీది బస్తాను ఇసుకలో దించింది. దాని మీద కూర్చుని, కాళ్లు చాపుకుంది.

"ముందు నీ బస్తాలు దించు, మున్షీ," అంది.