వెనక్కి తిరిగిన చక్రం

మా అన్నయ్యా నేనూ బట్టలు కుట్టేవాళ్ళం. ఒకే గది, ఎదురెదురుగా రెండు తొక్కుడు మిషన్లు. యాభై ఏళ్ళు ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ తొక్కాం. నాకన్నా పదకొండేళ్ళు పెద్ద. టేపు మెడలో ఊరికే వేసుకునేవాడు గానీ, గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి ఛాతీ కొలత చెప్పేసేవాడు.

డెబ్బై తొమ్మిదో ఏట మోకాళ్ళు నొస్తున్నాయన్నాడు. ఆయన కొడుకు ప్రేమకొద్దీ ఆ మిషనుకి మోటారు పెట్టించాడు. ఇక కాలు ఆనిస్తే చాలు, అదే తిరుగుతుంది. ఏడాది తిరిగేసరికి పిక్కలు పుల్లల్లా అయ్యాయి. ఆ వెనకే మతి జారడం మొదలైంది. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. ఆ చొక్కా ఆయన మంచివాడు. "మాస్టారూ, నాకు కుడిచెయ్యి ఉందో లేదో ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. మేమంతా నవ్వాం. అన్నయ్య నవ్వలేదు. నిజంగానే చూశాడు.

ఒక ఉదయం నేను ఎదురుగా కూర్చోగానే, "కొలతలు ఎవరికండీ?" అన్నాడు నాతో.

ఊరందరినీ మరిచిపోనీ. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది ఆయన. నా చిన్నతనం చూసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. ఆయన కూడా మరిచిపోతే నేనెవరిని?

వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అన్నయ్య పిక్క నొక్కి చూసింది.

"ఈ కండ పనిచేస్తే రక్తం పైకి బాగా ఎక్కుతుంది తాతగారూ. కండలోంచి మెదడుకి మేలుచేసే సరుకు కూడా కొంత పోతుంది. పూర్తిగా నయమవుతుందని మాటివ్వను. కానీ కాళ్ళు ఊరుకోకూడదు."

"నడవమంటే నడవడమ్మా. తొక్కమంటే తొక్కుతాడు" అన్నాను.

"అయితే తొక్కించండి. ఉన్నట్టుండి మాత్రం ఆపేయకండి, మెల్లగా తగ్గించాలి."

మోటారు పీకించాను. సూది కూడా తీసేశాను. రోజూ పొద్దున అన్నయ్య పక్కన నిలబడి, పై చక్రాన్ని చేత్తో ఆయనవైపు ఒక్క తిప్పు తిప్పేవాణ్ణి. అక్కణ్ణించి కాళ్ళు అందుకునేవి. అరగంట. మూడో నెలలో వదిన పేరు చెప్పాడు. నాలుగో నెలలో నన్ను చూసి, "ఏరా, గడ్డం గీసుకోవడం మానేశావేం, ఎవరిమీద అలిగావు?" అన్నాడు. లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకొచ్చాను.

ఇక ఆ రోజు సంగతి. లేచి చుట్టూ తిరిగి వెళ్ళడానికి బద్ధకించాను. నా స్టూలు మీంచే చెయ్యి చాచి, అన్నయ్య చక్రాన్ని అలవాటు కొద్దీ నావైపు తిప్పాను. ఎదురుగా ఉన్నాను కదా. నావైపంటే ఆయనకి వెనక్కి. దర్జీ పని నేర్చుకునేవాడికి మొదటిరోజే చెప్పే మాట అది, చక్రం వెనక్కి పోకూడదని.

వెనక్కి తొక్కితే ఎవరికైనా కాళ్ళు తడబడతాయి. అన్నయ్య కాళ్ళు తడబడలేదు. వాన నీళ్ళు పల్లానికి పోయినట్టు సాఫీగా పోయాయి.

"నాన్నా, లోపలికి రావద్దన్నారు" అన్నాడు నన్ను చూసి. గొంతు లేతగా ఉంది. పిల్లాడి గొంతు.

"అన్నయ్యా, నేను... నేనే."

"అమ్మ అరవడం ఆపేసింది నాన్నా. బిడ్డ పుట్టాడట. ఏడవట్లేదు."

పదకొండేళ్ళ అన్నయ్య. పుట్టింది నేను.

"మంత్రసాని తలకిందులుగా పట్టుకుని కొడుతోంది. ఒళ్ళు చల్లగా ఉందంటోంది."

నా వేళ్ళ కొసలు చల్లబడ్డాయి. ఎండాకాలపు పొద్దుటి ఎండ కిటికీలోంచి నా చేతిమీదే పడుతోంది, వేడి తెలియలేదు. చక్రాన్ని పట్టుకుని ఆపబోయాను. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఇప్పుడు ఆపేస్తే ఆయన అక్కడే ఉండిపోతాడు, ఆ బిడ్డ ఏడవకుండానే. అరవబోతే నాకు గొంతు రాలేదు.

ఎలా వెళ్ళానో తెలియదు. అన్నయ్య పక్కన ఇరుక్కుని, కింద తొక్కుడు పలక మీద ఆయన పాదాల మధ్య నా పాదాలు పెట్టాను. కొంచెం కొంచెంగా బరువు మోపాను. చక్రం నెమ్మదించింది. ఒక్క క్షణం ఎటూ పోకుండా నిలిచింది. అప్పుడు చేత్తో ఆయనవైపు తిప్పి, నాలుగు కాళ్ళతో ముందుకి తొక్కాం. పిక్కలు మండిపోయాయి. తొక్కుతూనే ఉన్నాను.

అన్నయ్య మొహం విచ్చుకుంది. "ఏడిచాడు" అన్నాడు.

నాకు ఊపిరి ఆడింది.

కాసేపటికి ముసలి గొంతుతో, "ఏంట్రా, నా మిషను మీదకొచ్చి కూర్చున్నావు? నీది పాడైందా?" అన్నాడు.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. "ఎక్కడికి పోయావయ్యా మరిదీ? రెండుసార్లు వచ్చి చూశాను. మీ అన్నయ్య ఒక్కడే తొక్కుకుంటున్నాడు."

"ఇక్కడే ఉన్నానొదినా."

ఆవిడ నా స్టూలు వంక చూసింది, నా వంక చూసింది. ఆ రోజు నుంచి మిషను తిరుగుతున్నంతసేపూ ఆ గదిలోకి రాదు.

ఇప్పుడు పక్కనే నిలబడి తిప్పుతున్నాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వను. నా మిషను నేనూ తొక్కుతున్నాను. అన్నయ్య నన్ను రోజూ గుర్తుపడుతున్నాడు. గుర్తుపట్టే ముందు మాత్రం, లోపలి గదిలో ఏదో వినపడాలన్నట్టు తల కాస్త పక్కకి వంచుతాడు.

అంతసేపూ నేను కదలకుండా కూర్చుంటాను.