తిరుగు ముద్ర

మణికట్టు దురదగా ఉంది, ఈ తెల్లదారాలు మూడు రాత్రుల వరకూ తెంపకూడదని వదిన మరీ మరీ చెప్పింది, తెంపితే పిలిచి తెచ్చిన ప్రాణం మళ్ళీ ఎటో పోతుందట, ఎటు పోతుంది పిచ్చి ప్రాణం, ఈ అద్దాల గది ముందు నన్ను నిలబెట్టి అది మాత్రం ఎక్కడికి పోగలదు, లోపల కూర్చున్న ఆఫీసరు పిల్ల నా పాస్‌పోర్టును ముందుకీ వెనక్కీ తిప్పుతోంది, ఆ తిప్పడం నాకు కొత్త కాదు, ఏళ్ళ తరబడి ఈ వంతెన దాటుతున్నవాణ్ణి, వెతికేది దొరికితే ఒక్కసారే తిప్పుతారు, తాతా, ఇందులో తిరుగు ముద్ర ఏదీ, కనబడట్లేదే, అంటోంది, ఉంటుందమ్మా, సరిగ్గా చూడు, మా బువాలై ఎప్పుడూ, అని ఆగిపోయాను, బువాలై ఎప్పుడూ అన్నాక ఆ మాటను ఎలా ముగించాలో నాకింకా అలవాటు కాలేదు.

బువాలై ఎప్పుడూ ముందు నడిచేది, నేను వెనక, వంతెన ఇవతల ఎడమ చేతి పక్కనున్న ఆ చిన్న గదిలోకి నన్ను మేకను తోలినట్టు తోలేది, ఫోటో తెచ్చావా, సంతకం పెట్టు, అక్కడ కాదురా ముసలోడా ఇక్కడ, నీ నివాస అనుమతి పచ్చికుండ, ముద్ర లేకుండా ఏరు దాటావో కరిగి నీళ్ళపాలవుద్ది, తర్వాత నెత్తీ నోరూ కొట్టుకున్నా రాదు, అని గదిలో అందరికీ వినబడేలా అనేది, వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి, డెన్మార్క్‌లో నలభై ఏళ్ళు ఓడల ఇంజన్లు బాగుచేసినవాణ్ణి, ఒక్క మర బిగించడం కూడా మరిచిపోయి ఎరగను, ఇక్కడ మాత్రం పసిపిల్లాడి కింద లెక్క, ఏడాదికోసారి నివాసం పొడిగించుకోవాలన్నా ఆమే, మధ్యలో దేశం దాటాలంటే ముందుగా తిరుగు ముద్ర వేయించాలన్నా ఆమే, మాది గుడిలో చేతులకు దారాలు కట్టించుకున్న పెళ్ళి, కాగితం మీదికి ఎక్కని పెళ్ళి, అందుకే నేను ఆమె మొగుడిగా కాదు, విశ్రాంతి తీసుకోవడానికి వచ్చిన పరదేశి ముసలివాడిగా ఈ దేశంలో ఉంటున్నాను, ఉంటున్నాను అనాలో ఉండేవాణ్ణి అనాలో ఈ పిల్ల ఇప్పుడు చెబుతుంది.

చెప్పేసింది, నిన్న మీరు అటు వెళ్ళగానే పాత నివాసం రద్దయిపోయింది తాతా, కంప్యూటర్లో చూపిస్తోంది, నా చేతిలో ఏం లేదు, మామూలు యాత్రికుడిలాగా రెండు నెలలు రాసిస్తా, ఈలోపు మళ్ళీ మొదట్నించీ పెట్టుకోండి, బ్యాంకులో డబ్బు చూపిస్తే ఇస్తారు, అంటోంది, గొంతులో కసురు లేదు, కసిరితే బాగుండేది, ఎదురు కసరడానికి ఏదో ఒకటి దొరికేది, బ్యాంకులో డబ్బు, ఆ డబ్బు బువాలై ఊపిరితిత్తుల్లోకి పోయిందమ్మా, ఆసుపత్రి గొట్టాల్లోంచి బొట్టు బొట్టుగా పోయింది, ఈ వయసులో మళ్ళీ ఎక్కడ పుట్టించను, రెండు నెలల తర్వాత ఎక్కడికి పోను, మా ఊళ్ళో వాన, ఓడరేవు మీద వాన, నా పేరు తెలిసినవాళ్ళందరి సమాధుల మీదా వాన, వెనకనించి చేపలామె బుట్టతో నా నడుం పొడుస్తోంది, త్వరగా తేల్చుకో తాతా, నువ్వు ఇంకో గంట నిలబడ్డా పాడవ్వవు, నా చేపలు పాడైపోతాయి, అంటోంది, పాడైపోయానమ్మా అని చెబుదామనుకుని, బుట్టకు చోటిస్తూ పక్కకు జరిగాను.

గూడు, నాకు కావలసింది ఆ గూడే, వంతెనకు ఇవతల నోంగ్ ఖాయ్‌లో మా గుడి ప్రహరీగోడలో జానెడు గూడు, అందులో బువాలై సగం అస్థికలు, పైన ఆమె ఫోటో, చీకాకు పడుతూ దిగిన ఫోటో, ఎండలో నిలబెట్టావు ముసలోడా అని తిడుతుండగా తీసింది, పక్కన ఇంకో ఫోటోకు చోటు ఖాళీగా ఉంచారు, అది నాది, నేను పోతే అక్కడ పెడతానని బువాలై మేనల్లుడు మాటిచ్చాడు, మేమున్న ఇల్లు ఇప్పుడు వాడిదే, అయినా నువ్వుండగా నాకెందుకు మావయ్యా ఆ ఇల్లు, ఉండు, అన్నాడు, ఇంటివాడు ఉండమంటున్నాడు, గోడలో చోటు ఉండమంటోంది, మిగతా సగం అస్థికలు ఏటి అవతల పుట్టినూళ్ళో తన అక్క చేతికి, అదే మా వదిన చేతికి, అప్పజెప్పమని పోయేముందు బువాలై అడిగింది, నిన్న వాటినే డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను, పొట్టకు ఆనించి పట్టుకున్నాను, వంతెనకు అటూ ఇటూ ఆ డబ్బాను ఎవ్వరూ ఏమీ అడగలేదు, ఎంత హాయిగా దాటింది, ఏ ముద్రా లేకుండా, బతికున్నన్నాళ్ళూ ముద్రల కోసం నన్ను వేపుకు తిన్నది.

వదిన పళ్ళు లేని నోటితో ఏడ్చింది, తర్వాత కళ్ళు తుడుచుకుని నన్ను తేరిపార చూసి, మరిదీ, నీలో నువ్వు లేవు, ప్రాణం ఎక్కడో పారేసుకొచ్చావు, కూర్చో, అంది, పూలూ ఉడికించిన గుడ్డూ జిగురన్నం ముద్దా ముందు పెట్టి, ఇరుగుపొరుగు ముసలమ్మల్ని పిలిచి, నా మణికట్టును దారంతో రుద్దుతూ, రా ప్రాణమా, ఏట్లో ఉంటే లేచి రా, పొలంలో ఉంటే నడిచి రా, ఇంటికి రా, నీ పక్క ఎవరూ ఎత్తెయ్యలేదు, నీ కూడు చల్లారలేదు, అని పిలిచింది, నవ్వొచ్చింది నాకు, ఎవరింటికి వదినా, అన్నాను, నీ ఇంటికేరా, బువాలైని సగం ఇక్కడికి తెచ్చావు, మిగతా సగం అక్కడ ఒంటరిగా కూర్చుని లేదూ, అంది, అప్పుడు ఏడ్చాను, ఆసుపత్రిలో ఏడవనివాణ్ణి, చితి దగ్గర ఏడవనివాణ్ణి, గుడ్డు ఒలిచి నోట్లో పెట్టింది, తిన్నాను, ఇంకా పెట్టు అన్నాను, బువాలై పోయాక ఆకలి వేయడం అదే మొదలు, రాత్రంతా గూడే కళ్ళలో మెదిలింది, తెల్లారగానే వెళ్ళి ఆ ఫోటో మీద దుమ్ము తుడవాలి, మల్లెమాల మార్చాలి, నాకు రావాలనిపించింది, ఎంత రావాలనిపించిందో ఈ పిల్లకు ఏ భాషలో చెప్పను.

అయినా తాతా, అంటోంది, పాస్‌పోర్టు మీద చెయ్యి వేసి, వెళ్ళేటప్పుడు మావాళ్ళు చెప్పలేదా, ముద్ర లేకుండా వెళ్ళే పెద్దవాళ్ళకి మేం చెప్పి తీరతాం, లేదమ్మా, ఎవరూ చెప్పలేదు, మరిచిపోయాను, ముసలితనం, ఒంటరిగా దాటడం ఇదే మొదటిసారి, పైగా అప్పుడు బస్సు హారన్ మోగుతోంది, ఎడమ చెవి వినబడదు, నా మాట నమ్ము, అని గడగడా అంటున్నాను, ఒక్క మరను మరవనివాణ్ణి మరిచిపోయానంటున్నాను, హారన్ మోగిందా, మోగింది, కాని అది బస్సు దిగినప్పుడు, ముద్ర కొట్టే కిటికీ దగ్గర కాదు, కిటికీ దగ్గర నిశ్శబ్దంగా ఉంది, లోపల కూర్చున్న మీసాల ఆఫీసరు ప్లాస్టిక్ సంచిలోంచి ఐసు టీ పీలుస్తున్నాడు, పీల్చడం ఆపాడు, తాతా, తిరుగు ముద్ర లేదు, ఇట్లా వెళ్తే నీ నివాసం పోతుంది, ఎడమ చేతి గదిలో వేయించుకుని రా, నీ కోసం ఆగుతాలే, అన్నాడు, కుడి చెవి వైపే అన్నాడు, నేను ఎడమకు చూశాను, గది తలుపు తీసే ఉంది, ఫ్యాను తిరుగుతోంది, బువాలై కూర్చునే ఎర్ర కుర్చీ ఖాళీగా ఉంది, డబ్బాను పొట్టకు గట్టిగా అదుముకున్నాను, ఆయన ఇంకా ఎదురు చూస్తున్నాడు.

ముసలోళ్ళకి చెవుడుంటే చీటీ మెళ్ళో వేసుకోవాలి, అని చేపలామె గొణుగుతోంది, ఆఫీసరు పిల్ల ముద్ర పైకెత్తి ఆగింది, పాపం, నిజంగా చెప్పలేదా తాతా, చెప్పకపోతే మా పెద్దాయనతో మాట్లాడి చూస్తాను, తప్పు మాదైతే ఏదో దారి ఉంటుంది, అంటోంది, ఉంది, దారి ఉంది, లేదు అన్న ఒక్క మాట చాలు, కాని మణికట్టు మీద దారాలు దురదపెడుతున్నాయి, ఆ మీసాలాయన నా కోసం టీ తాగడం ఆపి కూర్చున్నాడు, చెప్పారమ్మా, అన్నాను, ఆయన చెప్పాడు, నాకు వినబడింది, తెలుసు అని మీ భాషలోనే జవాబిచ్చాను, మరిచిపోలేదు తల్లీ, నిన్న నాకు తిరిగి రావాలని లేదు.