సముద్రం కొలతలు

మా వీధిలోకి నీళ్ళు రావు. కనీసం బయటివాళ్ళకి మేం చెప్పే మాట అది. నిజానికి ఏడాదికి రెండు మూడుసార్లు సముద్రం పోటెక్కినప్పుడు మెట్లెక్కి, గుమ్మం దాటి మరీ వస్తాయి. అవి వెనక్కి పోగానే వీధివీధంతా చీపుళ్ళు పట్టుకుని, గోడలు తుడిచి, తలుపులు బార్లా తీసి ఆరబెట్టి, పది గంటలకల్లా ఏమీ ఎరగనట్టు కొట్లు తెరుస్తుంది. ఈ విద్యలో మా అత్తయ్యని మించినవాళ్ళు లేరు. తడి గుమ్మంలోనే కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని నవ్వుతూ పలకరిస్తుంది.

నాది కుట్టుపని. నీళ్ళొచ్చే కొట్లో పెళ్ళిబట్టలు ఎవరిస్తారు? అందుకే నేనూ నోరు మెదపలేదు. కానీ కొలిచే చెయ్యి ఊరుకోదు కదా. నీళ్ళొచ్చిన ప్రతిసారీ గోడ మీద తడి ఎంత ఎత్తుందో టేపు పెట్టి చూసి, అందరి కొలతలూ రాసే పుస్తకంలోనే ఒక పేజీలో రాసుకునేదాన్ని. పేజీకో పేరుండాలి కాబట్టి పైన 'సముద్రం' అని పెట్టాను. పదకొండేళ్ళ కొలతలున్నాయి అందులో.

పోయినేడాది ప్లానింగ్ ఆఫీసువాళ్ళు ఇంటింటికీ కాగితాలు పంచారు. సముద్రమట్టం పెరుగుతోందట. ఒడ్డున మడ మొక్కలూ చెరువూ ఉండే పార్కు వేస్తారట, పోటు నీళ్ళు ఇళ్ళ మీదికి రాకుండా అందులోకి పోతాయట. మీ ఇంటికి నీళ్ళు ఎంతవరకూ వస్తాయో రాయమన్నారు. మేమంతా కూడబలుక్కున్నట్టు 'రావు' అని రాశాం. నేనైతే కింద గీత కూడా గీశాను.

మొన్న బడి హాల్లో మీటింగు పెట్టి, గోడకి పెద్ద నక్షా తగిలించారు. ఇంజనీరమ్మాయి చిన్నదే, ఓపిగ్గా చెప్పింది. చెరువూ దాని కట్టా బడి వెనక వీధి ముందు వస్తాయి. మేం రాసిన కాగితాల ప్రకారం మా వీధీ, ఆ పక్కన మేడల వీధీ మెరకే కాబట్టి మాకేమీ అక్కర్లేదని మెచ్చుకుంటున్నట్టు అంది. కట్టకి తగిలిన నీళ్ళు ఎటు పోతాయని రొట్టెల కొట్టాయన మెల్లిగా అడిగాడు. ఆ అమ్మాయి పెన్సిలు నక్షా మీద జరిగి జరిగి మా వీధి మొదట్లో ఆగింది. మేమంతా తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

నా ముందు వరసలోనే మేడల వీధావిడ ఉంది. ఆవిడ కూతురి పెళ్ళిబట్టలన్నీ నా కొట్లోనే ఉన్నాయి. పెళ్ళి ఇంకా ఇరవై రోజులే. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ బట్టలు వెళ్ళిపోతాయి, వాటి వెనకే మిగతావాళ్ళవీ పోతాయి. తెరవకపోతే వచ్చే పోటుకి కొట్టే పోతుంది. ఇంతలో అత్తయ్య మోచేత్తో పొడిచింది. నోరు ముయ్యమంటోందనుకున్నాను.

"సంచిలో పుస్తకం ఉందిగా, తియ్యి," అంది.

అంటే ఆవిడకి ఎప్పుడో తెలుసన్నమాట. లేచి నిలబడి చదివాను. మొదటి ఏడాది నాలుగు అంగుళాలు. తర్వాత ఆరు, ఏడున్నర. పోయినేడాది పంతొమ్మిది. ఇవి ఎవరి కొలతలని ఇంజనీరమ్మాయి అడిగింది. సముద్రానివేనన్నాను, ఏటేటా ఒళ్ళు చేస్తోందన్నాను. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో రొట్టెలాయన తన పిండి బస్తాలు తడిసిన సంగతి ఒప్పుకున్నాడు, ఆయన వెనకే గడియారాల మేస్త్రీ కూడా లేచాడు. నక్షాలో గీతలు మార్చాల్సిందేనని, అందుకు ఇంకో మీటింగు పెడతామని అంది ఆ అమ్మాయి. నాకు ధైర్యం వచ్చింది.

"ఎదిగే పిల్లకి ఇవాళ్టి కొలతకి సరిగ్గా కత్తిరించమమ్మా. లోపల మడత వదులుతాం, ఎదిగాక విప్పుకోడానికి. మీ చెరువు చుట్టూ కూడా అలాగే నేల వదలండి. రోడ్డూ గోడా కట్టెయ్యకండి."

ఆ అమ్మాయి నా చేత ఇంకోసారి చెప్పించుకుని రాసుకుంది.

మర్నాడు ఇద్దరొచ్చి బట్టలు వెనక్కి తీసుకెళ్ళారు. ఒకావిడ వాళ్ళ చెల్లెలు కొత్తగా కుట్టు నేర్చుకుందంది. నేను నమ్మినట్టు తలూపాను. భయమేసింది. చేజేతులా నోటి దగ్గర కూడు పోగొట్టుకున్నానా అని మిషను ముందు కూర్చుని ఏడ్చాను. అత్తయ్య నా పక్కనే కూర్చుని గుండీలు కుట్టింది.

నాలుగోనాడు మేడల వీధావిడ వచ్చింది. అడిగించుకోవడం ఎందుకని పెళ్ళిబట్టలు నేనే మూటగట్టి బల్ల మీద పెట్టాను. ఆవిడ మూట ముట్టుకోలేదు. వాటిని ఎక్కడ పెడుతున్నావని అడిగింది. పై అరలో, నిలబడితే నా తలకన్నా ఎత్తున అని చూపించాను. ఆవిడ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"అయితే అక్కడే ఉండనీ అమ్మాయ్. పోయిన పోటుకి మా ఇంట్లో నడుం దాకా వచ్చాయి."

ఆ మేడలని చూసి నేను ఇన్నేళ్ళూ ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు. రెండో మీటింగు ఎప్పుడని అడిగింది ఆవిడ. గురువారమన్నాను. వెళ్ళేటప్పుడు పిలవమంది, ఒక్కత్తే లేచి చెప్పాలంటే ధైర్యం చాలదట.