జత మారిన రాడ్లు

కాటా మీది పిస్టన్‌ను ఆమోసు ఎడమచేత్తో తీశాడు. రాడ్డుతో కలిపి తూస్తే అది మిగతా మూడింటికంటే రవ్వంత బరువుంది. రాడ్డు అంచును ఆకురాయితో కాస్త అరగదీసి మళ్లీ తూచాడు. నాలుగూ సమంగా తూగితేనే ఇంజను వణక్కుండా తిరుగుతుంది.

అది కంకిపాడు కిరీటి వాళ్ల పాత అంబాసిడర్ ఇంజను. ఆటోనగర్‌లోని ఈ షెడ్డు ఇప్పుడు బాలశౌరిది, అంతకుముందు వాళ్ల నాన్నది. ఆమోసు ఇద్దరి దగ్గరా ఇదే పని చేశాడు. అతను బాగుచేసిన బండ్లు మళ్లీ చెడి ఆ గుమ్మం ఎక్కేవి కావు. అందుకే అతని పేరు ఎవరికీ పెద్దగా గుర్తుండేది కాదు.

వానాకాలం నుంచి అతని కుడిచేతి వేళ్లకు స్పర్శ తగ్గింది. ఆ సంగతి భార్య రామతులసికి ఒక్కదానికే తెలుసు. పొగలు కక్కే అన్నంలో చెయ్యి పెట్టి, కాలుతున్నా తెలియక కలుపుతూ కూర్చున్న రోజున చూసింది.

"బాలశౌరికన్నా చెప్పు" అంది ఈ పొద్దున కూడా.

"చెబుతాలే" అన్నాడు.

రాడ్డు అడుగున, ఇంజను ఇరుసైన క్రాంకును పట్టుకునే గుండ్రంలో సగం రాడ్డుకే ఉంటుంది, మిగతా సగం విడిగా వచ్చే మూత. రెండింటినీ కలిపి తొలిచి ఉంటారు కాబట్టి ఒకదాని మూత ఇంకోదానికి పనికిరాదు; మారితే రాడ్డు పట్టేసి విరగొచ్చు. ఇదివరకెవరో ఈ ఇంజను విప్పి, వాటి మీది అంకెలు గీకేశారు. నిన్ననే ఆమోసు గుర్తులు కొట్టాల్సింది. సుత్తి చేతిలో నిలవక, మూతల్ని పళ్లెంలో వరసగా పేర్చి ఊరుకున్నాడు.

ఇప్పుడా పళ్లెం ఎత్తాడు. పట్టుకునే ఉన్నాననుకున్నాడు. ఖణేల్మని నేలమీద మోగేదాకా, పట్టు జారిందని తెలియలేదు.

మూతలు తలోవైపు దొర్లాయి. బాలశౌరి ముందుగదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమోసు గబగబా ఏరుకున్నాడు. ఒకటో దానికీ నాలుగో దానికీ పాత అంకెల ఆనవాళ్లు కాస్త మిగిలాయి. తక్కిన రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. రాడ్డుకు మూత ఆనించి, అతుకు మీద బొటనవేలు నడిపాడు. ఏమీ తెలియలేదు. అటూ ఇటూ చూసి, ఆ అతుకును కింది పెదవికి ఆనించాడు. చల్లగా, నున్నగా తగిలింది. ఇదే అనుకున్నాడు. అనుకున్నాడే గాని, మనసు ఒప్పలేదు.

నాలుగు రాడ్లనూ ఇంజను బ్లాకులో బిగించాడు. ముందుగదిలోంచి బాలశౌరి మాటలు వినబడుతున్నాయి.

"ఆదివారానికి తప్పకుండా ఇచ్చేస్తామండీ. అవనిగడ్డ దాకానా? పిల్లలతోనా? నిశ్చింతగా వెళ్లిరండి."

కాలవగట్టు మీద రోడ్డు ఆమోసు కళ్లముందు కదిలింది. రాడ్డు విరిగి, బ్లాకు పక్కను చీల్చుకుని బయటికొచ్చిన ఇంజను ఒకటి అతను చూశాడు. ఆ బండి పొలాల్లోకి దిగింది కాబట్టి మనుషులు బతికారు. అవనిగడ్డ దారిలో పక్కన కాలవ.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి, తినకుండానే మళ్లీ మూసేశాడు. బాలశౌరి ఇంజను అడుగు మూత బిగించడానికి వచ్చాడు.

"ఆగు బాబూ. విప్పాలి."

"ఏమైంది బాబాయ్?"

"మూతలు కిందపడ్డయ్యి. రెండూ మూడూ ఏవేవో తెలీటంలేదు."

"నీకు తెలీకపోవటమేంది? చేత్తో తడిమి చెప్తావుగా!"

ఆమోసు కుడిచెయ్యి చాపాడు. వేళ్ల కొసల్లో కాలి మానిన మచ్చలున్నాయి.

"చేత్తోనే తెలీటంలేదురా."

యజమాని అయ్యాక బాలశౌరిని అతను 'రా' అనడం అదే మొదలు. బాలశౌరి ఆ మచ్చలకేసి చూసి, స్పానరు అందుకున్నాడు.

ఎదురుగా లేత్ షాపులో శౌరయ్య మూతలు బిగించి, గేజితో ఒక్కొక్క గుండ్రాన్నీ కొలిచాడు. ఆమోసు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఒకటీ నాలుగూ బాగున్నయ్యి" అన్నాడు శౌరయ్య. తరవాతి మాటకు గొంతు తగ్గించాడు. "ఈ రెండూ మారినయ్యి ఆమోసూ."

"అటుది ఇటు మార్చి మళ్లీ కొలువు" అన్నాడు ఆమోసు.

షెడ్డుకొచ్చాక, ఈసారి బాలశౌరే బిగించాడు. ఆమోసు చేతులు వెనక్కి పెట్టుకుని, "ఇంకాస్త... చాలు" అంటూ పక్కన నిలబడ్డాడు. అంతా అయ్యాక బాలశౌరి క్రాంకు తిప్పాడు. ఎక్కడా పట్టకుండా, మెత్తగా తిరిగింది.

"రేపు ఆస్పత్రికి వెళ్దాం బాబాయ్. నేను తీసుకెళ్తా."

"వెళ్దాం. పనికి మాత్రం ఇక రాను బాబూ."

బాలశౌరి ఏదో అనబోయేలోగా ఫోన్ మోగింది. కిరీటి. మాట్లాడి తిరిగొచ్చేసరికి ఆమోసు లేడు. వీధి చివర ఆటో ఎక్కుతూ కనిపించాడు.

ఆమోసు చేతులు కడుక్కున్న పంపు దగ్గర నీళ్లింకా కారుతున్నాయి. గట్టు మీద సబ్బుబిళ్ల ఉంది. ఎంత గట్టిగా పట్టుకుంటున్నదీ తెలియని వేళ్లు దాంట్లోకి లోతుగా దిగబడి, నల్లటి గ్రీజు గుంటలు వదిలి వెళ్లాయి.