గోడమీది బీద పిల్లలు

ఎవరి పిచ్చి వారికి ఆనందం. వంతెనల ఇంజనీరు భార్యకు పాత బొమ్మల పిచ్చి. అవి పూలో కొండలో అయితే గొడవే లేదు. చింపిరి జుట్టు, చిరిగిన చొక్కా, చేతిలో ఎండు రొట్టె, కళ్ళనిండా నీళ్ళు. ఎప్పుడో వందేళ్ళ కిందట ఎవరో గీస్తే అచ్చువేసిన బీద పిల్లల బొమ్మలు. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి ఆరు సంపాదించింది. బంగారు అంచు ఫ్రేములు కట్టించి భోజనాల గది గోడంతా నింపింది. వచ్చినవాళ్ళు "ఎంత అమాయకత్వమో!" అని జాలిపడుతూనే కడుపునిండా తినిపోయేవాళ్ళు.

ఇంజనీరుకు మాత్రం ఆ గదిలో ముద్ద దిగేది కాదు. పెళ్ళి మాటలప్పుడు తన తండ్రికి బట్టల కొట్టు ఉండేదని చెప్పాడు మహానుభావుడు. కొట్టూ లేదు, ఊహ తెలిసేనాటికి తండ్రీ లేడు. తల్లి అరచేతులు ఒలిచిపోయేలా ఆసుపత్రి దుప్పట్లు ఉతికి వాడిని చదివించింది. ఆ తల్లి చేతనే "అవును, కొట్టుండేది" అనిపించాడు. ఆవిడ అంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మూడేళ్ళుగా అతికే ఉంది.

ఇప్పుడా తల్లి కంటి ఆపరేషనుకు వచ్చింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర. గోడ మీద ఏముందో ఆవిడకు తెలియదు, చూసి పాత సంగతులు ఎత్తదు గనక ఇంజనీరు నాలుగు రోజులు నిశ్చింతగా ఉన్నాడు. ఆదివారం పొద్దున కట్టు విప్పారు. ఆ మధ్యాహ్నమే మామగారు భోజనానికి వస్తున్నారు. ఆయన నలభై ఏళ్ళు కోర్టులో వాదించిన ప్లీడరు, ఎదుటివాడి నోట ఒక్క మాట దొరికితే చాలు, వదిలే మనిషి కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"అమ్మా, నువ్వు లోపల గదిలో తినరాదూ? కంటికి వెలుతురు మంచిది కాదు," అన్నాడు ఇంజనీరు.

"డాక్టరు అలా ఏం చెప్పలేదే," అంది తల్లి.

"అదేం మాటండీ? అత్తయ్య మనతోపాటే కూర్చుంటారు," అని భార్య ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సరిగ్గా గోడకు ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది.

మామగారూ వచ్చి కూర్చున్నారు. ఇంజనీరు ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. తల్లి రెండు ముద్దలు తిని తలెత్తింది. చెయ్యి ఆగిపోయింది. నల్లకళ్ళజోడు నుదుటిమీదికి జరిపి, మెట్లమీద కూర్చున్న పిల్లాడి బొమ్మను చాలాసేపు చూసింది.

"బాగుందా అత్తయ్యా? నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే."

"రంగులు బాగున్నాయమ్మాయ్. పిల్లాడే తప్పు."

ఇంజనీరు కూరగిన్నె ఆవిడ వైపు జరిపాడు. "అమ్మా, కూర వేసుకో," అన్నాడు.

"ఉండవయ్యా అల్లుడూ," అన్నారు మామగారు. "తప్పేమిటి చెల్లెమ్మా?"

"నీలం చొక్కాకి ఎర్రగుడ్డ అతుకేమిటి అన్నయ్యగారూ? బీదవాళ్ళమని ఎవరైనా ఊరంతా చాటుకుంటారా? అంచు మడతలోంచి అదే గుడ్డ కత్తిరించి, కుట్టు కనబడకుండా వేస్తారు. ఆ రొట్టె పట్టుకున్న తీరూ అంతే. ఆకలేసే పిల్లాడు రొట్టె చేత్తో పట్టుకుని ఆకాశంకేసి చూస్తాడా? సగం గబగబా తినేస్తాడు. మిగతా సగం అమ్మకని చొక్కాలో దాచుకుంటాడు."

ఇంజనీరు గబగబా మామగారి గ్లాసులో నీళ్ళు పోశాడు.

"ఇదంతా మీకెలా తెలుసు అత్తయ్యా?" అంది భార్య మెల్లగా.

తల్లి కొడుకు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చెప్పనా, మాననా అని అడిగింది, అంతే. చెప్పమనలేక ఇంజనీరు తల దించుకున్నాడు. సిగ్గులేని మనిషి, దించుకున్నాడు!

"మా పక్కింట్లో ఒక పిల్లాడుండేవాడమ్మా," అందావిడ. "తల్లి ఒక్కతే పెంచింది. సగం రొట్టె తెచ్చి, నాకు కడుపు నిండిందమ్మా అని అబద్ధమాడేవాడు."

"తర్వాత ఏమయ్యాడు?" మామగారు వదల్లేదు.

ఆవిడ కంచంలోకి చూస్తూ అంది. "పెద్దవాడయ్యాడు. బాగానే ఉన్నాడని విన్నాను. ఈమధ్య నాకు కనబడలేదు."

పక్క కుర్చీలోనే ఉన్నాడు కొడుకు. ఆ మాట వాడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మామగారి ముఖమూ మరిచిపోయాడు, మూడేళ్ళ భయమూ మరిచిపోయాడు.

"అది నేనే," అన్నాడు. భార్య వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. "ఆ పిల్లాణ్ణి నేనే. బట్టల కొట్టు లేదు. అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది."

ప్లీడరుగారు నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ అడక్కుండా మూసుకున్నారు.

భార్య గోడను చూసింది, మొగుణ్ణి చూసింది. "ఈ ఆరు మేకులూ మీరే కొట్టారు," అంది. "కొంచెం ఎడమకి అంటే ఎడమకి జరిపారు, కుడికి అంటే కుడికి జరిపారు. ఒక్క మేకు కొట్టేటప్పుడైనా నోరు రాలేదా?"

ఆమె జవాబుకోసం ఆగలేదు. కుర్చీ అత్తగారి పక్కకు లాక్కుని, మొగుడికి వీపు చూపించి కూర్చుంది.

"మీరు చెప్పండి అత్తయ్యా. మొదటినుంచీ చెప్పండి."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. చాలా విషయాలు ఇంజనీరే మరిచిపోయాడు. పిలవని చుట్టంలా ఒక పక్కన కూర్చుని తన కథ తాను వింటూ ఉండిపోయాడు.